పాదమునకును పండ్లచక్రములకును నడిమి కడ్డి

యంత్రభాగములకు పేర్లు పెట్టినవారు భాషావేత్తలు కారు. కర్మాగారములో చేతులకు నూనె అంటియుండగా, ఆ క్షణమున ఏ గుణము ముందుగా కంటబడెనో దానినిబట్టి ఒక పేరు పలికి, మరల తమ పనిలో మునిగిపోయినవారు. అట్టి పేర్లలో పెక్కింటివలన ఎవరికిని హాని కలుగలేదు. కాని పాతకాలపు అమెరికా ట్రక్కులలో కార్బురేటరునుండి క్రిందనున్న ఆటోమేటిక్ గేరుబాక్సువరకు దిగివచ్చు సన్నని ఇనుపకడ్డికి ‘కిక్‌డౌను లింకేజి’ అని పెట్టిన పేరు మాత్రము, ఆ కడ్డి చేయు పనిలో పదింట ఒక పాలును చాటి తక్కిన తొమ్మిది పాళ్లను మరుగుపరచినందున, ఎన్ని గేరుబాక్సులను మాడ్చి మసిచేసెనో లెక్కచెప్పువారు లేరు. ఆక్సిలరేటరును నేలదాక తన్నినప్పుడు గేరు ఒక మెట్టు క్రిందికి దిగును గనుక అది కిక్‌డౌను. ముందుపోవు బండిని దాటవలసి వచ్చినప్పుడే దానితో పని. నాకంత తొందర లేదు: ఇట్లు తర్కించి దానిని ఊడదీసిన పెద్దమనుషులు కలరు. వారిలో ఒకరి నిర్వాకమునకు ఫలము నేను స్వయముగా అనుభవించితిని. ఆ ముచ్చట తరువాత చెప్పెదను.

ఈ కడ్డి పుట్టకపూర్వము గేరు మార్చుట సంపూర్ణముగా మనుష్యుని భారమై యుండెను. ఇంజను వేగమును చక్రముల వేగమును చెవితోనే పోల్చుకొని, ఎడమకాలితో క్లచ్చి త్రొక్కి, గేరుకడ్డిని నడుమకు తెచ్చి, క్లచ్చి వదలి, ఇంజనును ఒక్కమారు ఎగదోసి, మరల క్లచ్చి త్రొక్కి, పండ్లు పండ్లతో పొత్తు కుదిరిన క్షణమున లోపలికి నెట్టు విద్యకు డబుల్ క్లచ్చి అని పేరు. క్లీనరుగా చేరి డ్రైవరుగా ఎదిగిన మన లారీవారిలో వెనుకటి తరమువారు ఈ విద్యను గురుముఖమున, అనగా గురువుగారి మొట్టికాయల సాహాయ్యమున, అభ్యసించినవారే. గేరు కలియని నాడు వెలువడు ఆ కరకర ధ్వనిని విన్నవారికి, 1928లో కాడిలాక్ కార్లలో ప్రవేశించి పండ్ల పొత్తును తానే కుదిర్చిన సింక్రోమెష్ ఎంతటి వరమో వేరుగా చెప్పనక్కరలేదు. దానిని కల్పించిన ఎర్ల్ థాంప్సను అను ఇంజనీరే, పదేండ్లు గడచిన పిమ్మట, క్లచ్చి పెడలునే తీసివేసిన బృందమునకు నాయకత్వము వహించుట ఈ చరిత్రలో ఒక చమత్కారము. తాను సుగమము చేసిన పనిని తానే అనావశ్యకము చేసెను.

క్లచ్చికి మారుగా నూనెను వాడవచ్చునను ఊహ మోటారుబండ్లవారికి కలిగినది కాదు. జర్మనీలో హెర్మాన్ ఫోటింగరు అను ఇంజనీరు, అతివేగముగా తిరుగు ఆవిరి టర్బైనును మెల్లగా తిరుగవలసిన ఓడపంఖాతో జతపరుచు మార్గమును వెదకుచు, 1905లో దీనికి పేటెంటు పొందెను. ఎదురెదురుగా మూతికి మూతి చేర్చిన రెండు గిన్నెలలో రెక్కలు అమర్చి, నడుమ నూనె నింపి, ఒకదానిని త్రిప్పినచో, నూనె విసరుకొని పోయి రెండవదానిని త్రిప్పును. రెండింటికిని ఇనుముతో ఇనుము తగులుట లేదు గనుక, ఒకటి తిరుగుచుండగా రెండవది నిలిచియున్నను ఏదియు విరుగదు. ఓడలకై పుట్టిన ఈ గిన్నెల జతను వెనుక పండ్లచక్రముల పేటికతో కలిపి, జనరల్ మోటార్సువారు 1939లో హైడ్రామాటిక్ అను పేరుతో ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబీలు కార్లలో 57 డాలర్ల అదనపు వెలకు అమ్మిరి. అంతలో యుద్ధము వచ్చెను. ఎం-5 అను తేలికపాటి టాంకులో రెండు కాడిలాక్ ఇంజన్లకు రెండు హైడ్రామాటిక్ పేటికలను తగిలించి రణరంగమునకు పంపిరి. యుద్ధము ముగిసిన వెనుక, టాంకును మోసినది మీ కారును మోయదా అను ధోరణిలో ప్రకటనలు వెలువడెను.

ఇంతవరకు కథ ఎడమకాలిది. కుడికాలి కథ ఇచట మొదలగును. క్లచ్చి లేకుండుట సులభమే. ఎప్పుడు గేరు మార్చవలెనో నిర్ణయించు బుద్ధి ఎవరిది? డ్రైవరు కంటితో గట్టును చూచును, వెనుక ఎన్ని బస్తాలున్నవో ఎరుగును, ఇంజను మూలుగు వినును. పేటికకు కండ్లు లేవు, చెవులు లేవు. అందువలన ఆ కాలపు ఇంజనీర్లు దానికి ఇద్దరు సాక్షులను నియమించిరి. మొదటి సాక్షి గవర్నరు: పేటిక వెనుక ఇరుసుపై గిరగిర తిరుగుచు, బండి ఎంత వేగముగ పోవుచున్నదో అంత ఒత్తిడితో నూనెను పంపునది. రెండవ సాక్షి త్రాటిల్ వాల్వు: డ్రైవరు పాదము ఎంత లోతునకు దిగినదో అంత ఒత్తిడితో నూనెను పంపునది. వేలెడంత ఉక్కు వాల్వు ఒకటి ఈ ఇద్దరి నడుమ తక్కెడముల్లువలె నిలిచియుండును. ఒక వైపున వేగము నెట్టును, రెండవ వైపున స్ప్రింగుతో కూడి పాదము నెట్టును. వేగము గెలిచినప్పుడు పై గేరు పడును. పాదము బలముగా నున్నచో, అనగా బండి బరువెత్తి గట్టెక్కుచున్నచో, వేగము మరికొంత పెరుగువరకు వాల్వు కదలదు. పాదము నేలకు తగిలినప్పుడు మరియొక వాల్వు తెరచుకొని, అదనపు ఒత్తిడితో ముల్లును వెనుకకు త్రోసి, గేరును క్రిందికి దింపును. కిక్‌డౌను అనబడునది ఈ తుదిఘట్టము మాత్రమే.

ఆ రెండవ సాక్షికి సమాచారము మోసికొనిపోవునదే మన కడ్డి. అది మోయునది మరియొకటి కూడ కలదు. గేరుబాక్సు లోపల రాపిడి పలకల గుత్తులును, చక్రములను చుట్టి బిగించు పట్టీలును ఉండును. వానిని బిగబట్టునది నూనె ఒత్తిడియే. తేలికగా నడచునప్పుడు అంత గట్టిపట్టు అక్కరలేదు. ఇంజను పూర్ణబలముతో లాగునప్పుడు పట్టు హెచ్చవలయును. ఎంత హెచ్చవలెనో చెప్పునది కూడ త్రాటిల్ వాల్వే. కావున కడ్డి ఊడినచో గేరుబాక్సు, డ్రైవరు పాదము ఎత్తి హాయిగా పోవుచున్నాడని భ్రమించి, పట్టు సడలించి కూర్చుండును. పైన ఇంజను గట్టెక్కుటకు పెనగులాడుచుండగా, క్రింద పలకలు జారి, జారుటవలన వేడెక్కి, వేడెక్కుటవలన మాడిపోవును. బండి ఆనాడే ఆగిపోయినను మేలుగా నుండెడిది. కాని అది ఆగదు, గేర్లు మరింత మెత్తగా, మరింత త్వరగా పడుచున్నట్లు తోచి, యజమాని సంతోషించును.

ట్రక్కులవారు ఈ వింతను వెంటనే నమ్మలేదు. కార్లు పదివేలుగా ఆటోమేటిక్ అగుచున్న కాలమున కూడ, బరువు లాగువాడు తన చేతిలోని గేరుకడ్డిని వదలుకొనుటకు ఇష్టపడలేదు. 1953లో ఫోర్డు ఎఫ్-100 పికప్పునకు ఫోర్డొమాటిక్‌ను, 1954లో చెవ్రొలే పికప్పునకు హైడ్రామాటిక్‌ను కోరినవారికి ఇచ్చుట ఆరంభించిరి. ఈ నడుమ, 1953 ఆగస్టు 12న, మిషిగను రాష్ట్రములోని లివోనియాలో హైడ్రామాటిక్ కర్మాగారము తగులబడెను. లోహమును కోయు జ్వాలనుండి రాలిన నిప్పురవ్వ తుప్పునివారక ద్రవమునకు అంటుకొని, అంత పెద్ద కట్టడమును ఒక్క మధ్యాహ్నమున కూల్చివైచెనన్నచో, ఆ పరిశ్రమ ఎంత ఇరుకు త్రోవపై నడచుచుండెనో తెలియును. కాడిలాక్ కార్లు బ్యూయిక్‌వారి డైనాఫ్లోలను, పోంటియాక్ కార్లు చెవ్రొలేవారి పవర్‌గ్లైడులను అరువు తెచ్చుకొని బజారునకు రావలసి వచ్చెను. యుద్ధకాలమున బాంబరు విమానములను కట్టిన విల్లోరన్ కర్మాగారమును జనరల్ మోటార్సువారు హుటాహుటిని సంపాదించి, కొద్ది వారములలోనే అచట హైడ్రామాటిక్ పని మొదలుపెట్టిరి.

నాకు పరిచయమైనది వీరి వంశము కాదు, క్రైస్లరు వంశము. హవార్డు సింప్సను అను ఇంజనీరు, రెండు గ్రహచక్రముల కూటములకు ఉమ్మడిగా ఒకే సూర్యచక్రమును ఉంచి మూడు గేర్లను రాబట్టు కూర్పును కనిపెట్టగా, క్రైస్లరువారు దానిని, నూనెగిన్నెల జత కోవకే చెందిన టార్కు కన్వర్టరుతో జోడించి, టార్క్‌ఫ్లైటు అను పేరుతో 1956లో ఇంపీరియలు కార్లలో ప్రవేశపెట్టిరి. మొదట దానికి గేరుకడ్డియే లేదు. డాష్‌బోర్డుపై మీటలు నొక్కినచో గేరు పడెడిది, 1957 డాడ్జి ట్రక్కులలో లోడ్‌ఫ్లైటు అను పేరుతో ఈ మీటలే ఉండెను. 1962లో పోతయినుపపెట్టె పోయి అల్యూమినియము పెట్టె వచ్చి, ఏ-727 అను అంకెల పేరు గల పేటిక వెలసెను. మూడు గేర్ల నిష్పత్తులు 2.45, 1.45, 1. పెట్టె ఎడమవైపున ఒకే కన్నములో ఒక ఇరుసులోపల మరొక ఇరుసుగా రెండు చిన్న చేతులు అమర్చిరి. క్రిందిది గేరును ఎంచునది, పైది త్రాటిల్ కడ్డికి తగులుకొనునది. ఎన్నో యంత్రములు చూచితిని గాని, ఒకడు చెప్పునదియు ఒకడు కోరునదియు ఇంత దగ్గరగా కూర్చుండిన చోటు మరియొకటి చూడలేదు.

ఈ పేటికలోనే పేరు చేసిన రెండవ మోసము కలదు. ముందరి పట్టీకి కూడ కిక్‌డౌను బ్యాండు అని పేరు. నిజమునకు రెండవ గేరు పడిన ప్రతిమారును, ఊరి వీధిలో మెల్లగా పోవునప్పుడు సైతము, బిగియునది ఆ పట్టీయే. దానిని సరిచేయు మర పెట్టె వెలుపల ఎడమవైపున నుండును. 72 అంగుళపు పౌనుల బిగువునకు బిగించి, సాధారణముగా రెండున్నర చుట్లు వెనుకకు త్రిప్పి, నట్టు బిగింపవలయును. కిక్‌డౌను నాకు పనిలేదనువాడు ఆ మర జోలికి పోడు. పోనందున రెండవ గేరు జారును. జారినందున కొత్త పేటిక కొనును.

తక్కిన కంపెనీలవారు కడ్డితో విసిగి ఇతర మార్గములను త్రొక్కిరి. ఇంజను బరువు లాగునప్పుడు దాని శ్వాసనాళములో శూన్యము తగ్గును గనుక, అచటినుండి సన్నని గొట్టమును పేటికకు దింపి, రబ్బరు పొరయొక్క కదలికచే భారమును ఎరుగు ఉపాయము ఫోర్డు సీ-6 లోను జనరల్ మోటార్సు టర్బో-400 లోను కనబడును. టర్బో-400లో కిక్‌డౌనునకు విద్యుత్ స్విచ్చి కూడ పెట్టిరి. ఉపాయము మంచిదే గాని, ఆ రబ్బరు పొర చినిగిననాడు ఇంజను గేరు నూనెను స్ట్రా పెట్టి త్రాగినట్లు పీల్చుకొని, వీధి వీధంతయు తెల్లని పొగతో నింపును. ఆ నూనె కూడ చిత్రమైన పూర్వకథ గలదే. పలకలు సాఫీగా పట్టుటకై దానిలో చాలకాలము స్పెర్మ్ తిమింగిలముయొక్క తైలమును కలుపుచుండిరి. 1970 దశకపు ఆరంభమున అమెరికా చట్టము ఆ జీవికి రక్షణ కల్పించువరకు, డెట్రాయిటు కారు గేరు మార్చుటకు సముద్రములో ఒక ప్రాణి చావవలసి యుండెను.

ఇక నా ముచ్చట. 1965 నాటి వలసచట్టము తెరచిన తలుపుగుండా అమెరికా చేరిన తెలుగువారిలో నావంటి పలువురు, స్వదేశమున సైకిలు దాటి ఎరుగనివారై, మొదట నడపిన బండియే ఆటోమేటిక్ అయినందున, క్లచ్చి అను పెడలును పుస్తకములలో మాత్రమే చూచినవారు. ఉద్యోగవిరమణానంతరము ఓహాయోలో కూరగాయల పెరడు వేసి, ఎరువు తోలుకొనుటకై 1977 నాటి డాడ్జి డీ-100 పికప్పు ఒకటి కొంటిని. గంటకు 20 మైళ్లు దాటకముందే మూడవ గేరు పడెడిది. గట్టు వచ్చినప్పుడు ఇంజను అరచును, బండి కదలదు. పొరుగున నొక వృద్ధుడు, జీవితమంతయు గేరుబాక్సుల క్రింద వెల్లకిల పడుకొని గడపినవాడు, నూనె కొలుచు పుల్లను తీసి ముక్కు దగ్గర పెట్టి, నాకు అందించెను. మా ఇంట మాడిన పోపు వాసనవంటి వాసన. ఆయన మారుమాట లేక బండి క్రింద దూరెను. ఏదో వర్కుషాపువాడు కార్బురేటరును మార్చి, కొత్తదాని చేతికి పాత కడ్డి అందకపోగా, దానిని ఇనుపతీగతో చాసిస్సునకు కట్టి, కట్టు చూడముచ్చటగా కత్తిరించి పంపియుండెను.

కొత్త కార్బురేటరు చేతికి సరియైన చోట చీల ఒకటి దొరకుటకు రెండు వారములు పట్టెను. చీల ఇరుసుకు దగ్గరగా నున్నచో కడ్డి ప్రయాణము చాలదు, దూరమైనచో మితిమీరును, లెక్క అంతయు అక్కడనే. తరువాతి పని ఒక గంటది. ఇంజనును బాగుగా కాగనిచ్చి, చోకు పూర్తిగా తెరచుకొని కార్బురేటరు చేయి తన సహజస్థానమునకు వాలినదని ఆయన వ్రేలితో తడిమి చూచెను. చలిలో చోకు దానిని కొంచెము ఎత్తిపట్టియుండును గనుక, అప్పుడు కొలిచిన కొలత అంతయు అబద్ధమగును. పిమ్మట నన్ను క్రింద పరుండబెట్టి, పేటికమీది చిన్న చేతిని ముందుకు, అది ఇక పోలేనంతవరకు, నెట్టి పట్టుకొమ్మనెను. స్ప్రింగు ఒత్తిడి నా బొటనవ్రేలికి తెలియుచుండెను. పైన ఆయన కడ్డి చివరనున్న పొడవాటి గంటును చీలకు తొడిగి, గంటు వెనుక అంచు చీలను ముట్టియు ముట్టనట్లుండువరకు కడ్డి పొడవును మార్చి, మర బిగించెను.

గంటు ఎందుకు, గుండ్రని కన్నము చాలదా, అని అడిగితిని. కడ్డి తుప్పుపట్టి ఎక్కడనైన బిగుసుకొనిపోయిననాడు, పాదము ఎత్తినంతనే చీల గంటులో ముందుకు జారిపోయి, కార్బురేటరు మూతబడునట్లు ఉండవలెనట. గుండ్రని కన్నమైనచో బిగిసిన కడ్డియే ఇంజనును తెరచిపట్టి బండిని ఎవరి ఇంటిలోనికో తోలుకొనిపోవును. అర అంగుళపు ఖాళీలో ఇంత దూరాలోచన ఉన్నదని, ఆ బొమ్మను మాన్యువలులో ఎన్నిమారులు చూచినను నాకు తట్టలేదు. చివరకు ఇంజను ఆపి, నన్ను సీటుపై కూర్చుండబెట్టి పెడలును నేలకు త్రొక్కించి, పైన కార్బురేటరు పూర్తిగా తెరచుకొనెనా, క్రింద చిన్నచేయి వెనుక తుదివరకు వచ్చెనా అని రెండు చోట్లను పరిశీలించి, చేతులు తుడుచుకొనెను. గట్టుమీద ఆ సాయంకాలము పెడలు తన్నినప్పుడు, క్రింద ఎవరో మెట్టు దిగినట్లు ఒక చిన్న అదురు, వెంటనే ఇంజను గొంతు హెచ్చుట, అంతే. మాడిన పలకలు మాత్రము మాడినవే గనుక, మరుసటి వేసవిలో పేటికను విప్పక తప్పలేదు.

1973 తరువాత పెట్రోలు కరవు వచ్చి నాల్గవ గేరు అవసరమైనప్పుడు, ఫోర్డువారి ఏఓడీ 1980 నమూనాతోను, జనరల్ మోటార్సువారి 700ఆర్4 1982లోను వెలువడి, మరల యాంత్రికసంబంధమునకే వచ్చినవి. ఫోర్డు కడ్డి, జనరల్ మోటార్సు ఉక్కుతీగ. ఈమారు పేరు సరిగానే పెట్టిరి: త్రాటిల్ వాల్వు, రెండక్షరములలో టీవీ. ఆ టీవీ కేబులును సరిచేయించుకొమ్మని మెకానిక్కు చెప్పినచో, ఇంటిలో టెలివిజను బాగుగానే వచ్చుచున్నదిగదా అనుకొనినవారు ఉండియుందురు. పేరు నిజము చెప్పినను ఆ పేటికలు కూడ తీగ సరిలేక మాడినవే. తప్పంతయు పేరుదే అను నా వాదము ఇచట కొంత బలహీనపడుచున్నదని ఒప్పుకొనవలయును.

1989 నమూనా క్రైస్లరు కార్లలో పూర్తిగా కంప్యూటరు ఏలుబడిలో నడచు గేరుబాక్సు వచ్చెను. సాక్షుల మాట తీగలలో విద్యుత్తుగా ప్రవహింప నారంభించెను. చిత్రమేమనగా, అదే 1989లో డాడ్జి ట్రక్కునకు 5.9 లీటర్ల కమ్మిన్సు డీజిలు ఇంజనును తగిలించినవారు, దానివెనుక కూర్చుండబెట్టినది ముసలి 727నే. డీజిలునకు కార్బురేటరు లేదు, శ్వాసనాళములో శూన్యమును లేదు. కావున రబ్బరు పొరల ఉపాయము దానికి పనికిరాదు, ఇంజెక్షను పంపుచేతినుండి పేటికచేతికి సంబంధము కల్పించుటయే తగును. ఆ వంశమువారు 1990 దశకమున గవర్నరును కంప్యూటరునకు అప్పగించిరి గాని, త్రాటిల్ కేబులును మాత్రము విడువలేదు. 2000 దాటిన కొన్నేండ్లకు డీజిలు ట్రక్కులలో పెడలునకును ఇంజనునకును నడుమ లోహపు తీగయే లేక, అంతయు విద్యుత్ సంకేతములే అయినప్పుడు, పేటిక ప్రక్కనున్న ఆ చిన్నచేతిని లాగువారెవరు? ఇంజనీర్లు ఆలోచించి, అచట ఒక చిన్న విద్యుత్ మోటారును అమర్చిరి. డ్రైవరు పాదము ఎంత దిగినదో కంప్యూటరు దానికి చెప్పును; అది ఆ మేరకు తిరిగి, 1962 నాటి నమూనా ప్రకారము ముందుకును వెనుకకును ఊగు ఆ ఉక్కుచేతిని లాగును.